త్రాబియా నుండి తరిగొప్పుల వరకు: పండుగ సేమియా చరిత్ర

ఈదుల్ ఫిత్ర్ నాటి ఉదయం నమాజుకు బయలుదేరే ముందు కొన్ని ఖర్జూరాలు తిని వెళ్లడం దైవప్రవక్త (స) వారి అలవాటు. హజ్రత్ అనస్ (ర) ఉల్లేఖనాన్ని బట్టి ఆ ఖర్జూరాలు బేసి సంఖ్యలో ఉండేవని కూడా తెలియవస్తున్నది. ఆ ఉదయపు ఆహారాన్ని గురించి హదీసు గ్రంథాలలో ప్రసిద్ధంగా ఉన్న ఉల్లేఖనం ఇదే. ఇందులో పాలు లేవు, నెయ్యి లేదు, సేమియా అసలే లేదు. అయినా సేమియా లేని రంజాను పండుగను తెలంగాణా ముస్లిములలో ఊహించగలవారెవరు? జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతాల పల్లెల్లో ఈదు నమాజు ముగిసిన తరువాత సేమియా గిన్నె ఇరుగుపొరుగు ఇండ్లకు వెళ్లడం ఆనవాయితీ. పండుగ పేరు సరిగా పలకడం రాని ముస్లిమేతరులకు కూడా దాని రుచి బాగా తెలుసు.

ఈ సేమియా ఎక్కడిది అని అడిగితే సాధారణంగా రెండు సమాధానాలు వినవస్తాయి. ముస్లిములు పారశీక దేశం నుండి వెంట తెచ్చుకున్నారని కొందరంటారు. కాదు, ఇది ఈ నేలదే, వచ్చినవారు దీనిని ఎరువు తీసుకున్నారని మరికొందరంటారు. మొదటి మాటను కొందరు గర్వంతోనూ, కొందరు నిందగానూ అనడం కద్దు. రెండవ మాట విషయమూ అంతే. రెండు సమాధానాలకూ చరిత్రలో కొంత ఆధారముంది. కాని ఏ ఒక్కటీ పూర్తి సత్యం కాదు. దీనిని విచారించడానికి ముందుగా ఇటలీ దక్షిణాన ఉన్న సిసిలీ ద్వీపానికి వెళ్లవలసి ఉంటుంది. తెలుగును ప్రాచ్య దేశపు ఇటాలియన్ అనడం పాఠకులు విన్నదే. అది నోట పలికే మాటను గురించిన పోలిక. ఇక్కడ చెప్పబోయేది నోట తినే పదార్థాన్ని గురించినది.

మెకరోనీ, స్పగెట్టీ, వర్మిసెల్లీ మొదలైన పిండి వంటకాలన్నిటికీ ఇటలీ పుట్టినిల్లని లోకప్రసిద్ధి. వెనీసు యాత్రికుడు మార్కోపోలో వాటిని చైనా నుండి తెచ్చాడని ఒక కథ ప్రచారంలో ఉంది. మార్కోపోలో స్వదేశం చేరింది 1295లో. అంతకు 16 ఏళ్ల ముందే, 1279లో, జెనోవా నగరంలో ఒక వ్యక్తి ఆస్తి జాబితా వ్రాసిన నోటరీ అందులో పీపా నిండా మెకరోనీ ఉన్నట్లు నమోదు చేశాడు. మార్కోపోలో కథకు విస్తృత ప్రచారం కల్పించింది 1929లో అమెరికాలోని మెకరోనీ వర్తకుల పత్రిక. వ్యాపార ప్రకటన చరిత్రగా చలామణి కావడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ఇటలీ గడ్డపై ఎండబెట్టిన గోధుమ తీగలను పెద్ద ఎత్తున తయారు చేసినట్లు చెప్పే తొలి స్పష్టమైన సాక్ష్యం అరబ్బీలో ఉంది. దానిని వ్రాసినవాడు భూగోళ శాస్త్రవేత్త షరీఫ్ అల్ ఇద్రీసీ. సిసిలీని పాలిస్తున్న నార్మన్ క్రైస్తవ రాజు రెండవ రోజరు ఆస్థానంలో ఉంటూ, దాదాపు 15 ఏళ్ల కృషితో ఆయన ‘నుజ్‌హతుల్ ముష్తాఖ్’ అనే గ్రంథాన్ని హిజ్రీ 548లో, అంటే క్రీ.శ. 1154 జనవరిలో పూర్తి చేశాడు. పలెర్మో నగరానికి తూర్పున 30 కిలోమీటర్ల దూరంలో త్రాబియా అనే ఊరుంది. దాని ప్రస్తావనలో ఆయన చెప్పిన విషయమిది: అక్కడ ఎండిపోని సెలయేళ్లున్నాయి, వాటిపై నడిచే పిండిమరలు అనేకమున్నాయి, విశాలమైన పొలాలున్నాయి, అక్కడ ‘ఇత్రియా’ను విస్తారంగా తయారు చేసి కలాబ్రియాకూ, ముస్లిముల దేశాలకూ, క్రైస్తవుల దేశాలకూ ఓడల కొలది ఎగుమతి చేస్తున్నారు.

ఈ ఇత్రియా అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఇబ్బంది లేదు. అంతకు ఒక శతాబ్దం ముందే ఇబ్నె సీనా (980–1037) తన వైద్య గ్రంథం ‘అల్ ఖానూన్’లో దానిని వివరించాడు. పులియని పిండితో పేలికల వలె చేసి, మాంసంతోగాని మాంసం లేకుండాగాని నీటిలో ఉడికించేదే ఇత్రియా అని, తమ ప్రాంతంలో దానిని ‘రిష్తా’ అంటారని ఆయన తెలిపాడు. రిష్తా అంటే పారశీక భాషలో దారం. మనవారు ఉర్దూలో పెండ్లి సంబంధాన్ని కూడా ‘రిష్తా’ అనే అంటారు. 1226లో బాగ్దాదులో వ్రాయబడిన పాకశాస్త్ర గ్రంథం కూడా రిష్తా చేసే విధానాన్ని చెప్పింది. పిండిని పిసికి, పలుచగా ఒత్తి, నాలుగు వేళ్ల పొడవున సన్నని దారాలుగా కోయాలట.

అయితే ఇత్రియా అనే పేరు అరబ్బుల సొంతమా అంటే అదీ కాదు. దాని మూలం గ్రీకు పదమని పండితుల అభిప్రాయం. అరబ్బుల కంటె ముందే పాలస్తీనాలోని యూద పండితుల చర్చలలో ఈ పదం కనిపిస్తుంది. గ్రీకు పేరు అరమాయికు మీదుగా అరబ్బీలోకి వచ్చి, అరబ్బీ నుండి తిరిగి ఇటలీ తీరం చేరింది. ఒక వంటకానికి జన్మపత్రిక వ్రాయబూనేవారు ఇటువంటి చోటనే ఆగి ఆలోచించవలసి ఉంటుంది.

త్రాబియాలోనే ఇది ఎందుకు పరిశ్రమగా ఎదిగింది? సిసిలీ గోధుమ గట్టి రకం. దాని రవ్వతో చేసిన తీగలు ఎండితే నెలల తరబడి చెడిపోవు. ఓడలపై దూరప్రయాణం చేసేవారికి అంతకంటె అనువైన ఆహారం లేదు. గోధుమ, మరను తిప్పే నీరు, ఎండ, దగ్గరలో రేవు అనే నాలుగు సదుపాయాలు ఒక్కచోట కూడాయి. అరబ్బులు అక్కడ అడుగుపెట్టింది హిజ్రీ 212 (క్రీ.శ. 827)లో. ఆ దండయాత్రకు నాయకత్వం వహించినవాడు సేనాపతి కాదు, ఖైరవాన్ నగరపు ఖాజీ, వయోవృద్ధుడైన ధర్మశాస్త్రవేత్త అసద్ ఇబ్నుల్ ఫురాత్. ఆయన మరుసటి ఏడే సిసిలీ నేలపై మరణించాడు. 831లో పలెర్మో వశమైంది. నిమ్మ, నారింజ, చెరకు పంటలు ఆ ద్వీపంలో విస్తరించింది తరువాతి రెండు శతాబ్దాలలోనే. 973 ప్రాంతంలో పలెర్మోను చూసిన ఇబ్నె హౌఖల్ అక్కడ మూడు వందలకు పైగా మసీదులున్నాయని వ్రాస్తూనే, నగరవాసులు పచ్చి ఉల్లిపాయలు అతిగా తిని బుద్ధి మందగించారని వెక్కిరించాడు. యాత్రికులందరూ ఆదరంతో వ్రాస్తారనుకోవడం పొరపాటు. పరాయి ఊరి తిండిని పరిహసించడం యాత్రలంత పాత అలవాటే.

1091 నాటికి ద్వీపమంతా నార్మన్ల అధీనమైంది. అయినా ముస్లిములు వెంటనే వెళ్లిపోలేదు. ఇబ్నె జుబైర్ 1184 డిసెంబరులో ఓడ ప్రమాదానికి గురై సిసిలీలో దిగినప్పుడు అది రంజాను మాసం. క్రిస్మసు పండుగ కూడా ఆ నెలలోనే వచ్చింది. ఆ పండుగ నాడు పలెర్మోలోని క్రైస్తవ స్త్రీలు ముస్లిం స్త్రీల వలె పట్టు వస్త్రాలు ధరించి, మేలిముసుగు వేసుకుని, గోరింటాకు, అత్తరులతో చర్చికి వెళ్లడం చూసి ఆయన ఆశ్చర్యపోయాడు. తరువాత త్రపానీ రేవులో ఉండగా ఈదుల్ ఫిత్ర్ వచ్చింది. అక్కడి ముస్లిములు తమ ఖాజీతో కలసి డోళ్లు, బూరలతో ఈద్‌గాహ్‌కు తరలి వెళ్తుంటే క్రైస్తవులు చూసీచూడనట్లు ఊరకుండడం ఆయనకు మరింత వింతగా తోచింది. ఇద్రీసీ చూసిన ఇత్రియా ఓడలు ఆ కాలానివే.

ఈ స్థితి ఎక్కువ కాలం నిలువలేదు. 1220ల నుండి చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్ సిసిలీ ముస్లిములను పెద్ద సంఖ్యలో ప్రధాన భూభాగంలోని లుచేరా పట్టణానికి తరలించాడు. వారు అక్కడ మూడు తరాల పాటు ఉన్నారు. 1300లో ఆంజూ వంశపు రాజు రెండవ చార్లెస్ ఆ పట్టణంపై దాడి చేయించాడు. అనేకులు బానిసలుగా అమ్ముడుపోయారు. ఇటలీలో ముస్లిం సమాజ చరిత్ర ఆనాటితో ముగిసింది.

మనుషులు పోయారు, పేరు మాత్రం మిగిలింది. పలెర్మో ప్రాంతంలో సన్నని సేమియాను ‘త్రియా’ అనే పేరుతో పిలువడం శతాబ్దాల పాటు సాగింది. ఇటలీ మడమ వంటి సలెంతో ప్రాంతంలో శనగలతో కలిపి వండే ‘చిచెరి ఎ త్రియా’ నేటికీ ప్రసిద్ధ వంటకం. అందులో కొంత పిండి పేలికలను నూనెలో కరకరలాడేటట్లు వేయించి, మిగిలినవాటిని శనగలతో ఉడికించి, రెంటినీ కలుపుతారు. మార్చి 19న వచ్చే సెయింట్ జోసెఫ్ పండుగకు అక్కడివారు దీనిని వండుకుంటారు. సిసిలీలో నువ్వులను నేటికీ ‘జుజ్జులేనా’ అంటారు. అది అరబ్బీలోని ‘జుల్‌జులాన్’. త్రపానీలో చేపల పులుసుతో తినే ‘కూస్కుసు’ ఉత్తరాఫ్రికా కుస్‌కుసే. ఆ పక్కనే ఉన్న సాన్ వీతో లో కాపో అనే ఊరిలో 1998 నుండి దీని పేర ఏటేటా ఉత్సవమే జరుగుతున్నది. దేశదేశాల భోజనప్రియులు దానిని చూడడానికి వెళ్తుంటారు.

పోలిక కనిపించిన ప్రతిచోటా బంధుత్వం కలుపరాదని కూడా ఇక్కడే చెప్పాలి. డిసెంబరు 13న సెయింట్ లూసీ పండుగకు సిసిలీ ప్రజలు రొట్టె ముట్టరు. గోధుమ గింజలను నానబెట్టి ఉడికించి తీపి కలిపి తింటారు. దానిని ‘కుచ్చీయా’ అంటారు. 1646 నాటి కరువులో ధాన్యపు ఓడ వచ్చినప్పుడు ఆకలితో ఉన్న జనం పిండి విసరుకునే ఓపిక లేక గింజలనే ఉడికించుకున్నారని అక్కడి ఐతిహ్యం. దీనిని చూసి ఇది మన హరీసు నుండి పుట్టిందనేవారున్నారు. గోధుమ ఉడకబెట్టడానికి ఎవరి ఉపదేశమూ అక్కరలేదు. మన గుగ్గిళ్లకు ఎవరు గురువు? పేరు, ఆధారం, ప్రయాణ మార్గం తెలిసినచోట మాత్రమే బంధుత్వం చెప్పడం చరిత్రకారుని ధర్మం. త్రియాకు ఆ మూడూ ఉన్నాయి.

ఇక మన దక్కను విషయం. ఇద్రీసీ కంటె 129 ఏళ్ల ముందు, 1025లో, కళ్యాణి చాళుక్యుల కాలంలో రెండవ చావుండరాయుడు కన్నడంలో వ్రాసిన ‘లోకోపకార’ గ్రంథంలో ‘శావిగె’ చేసే విధానం, దానిని ఒత్తే అచ్చు ప్రస్తావన ఉన్నాయి. జనగామకు దగ్గరలోని కొలనుపాక ఆ చాళుక్యుల ముఖ్య కేంద్రాలలో ఒకటి. అంటే పిండిని దారాలుగా చేసి వండుకోవడం ముస్లిం పాలకులు దక్కనుకు రాకముందే ఈ దేశంలో తెలిసిన విద్య. రిష్తా పేరుతోనో ఇత్రియా పేరుతోనో పడమట ఉన్నదే ఇక్కడ వేరొక పేరుతో ఉంది. కాబట్టి సేమియాను ముస్లిములు తెచ్చారనే మాట నిలువదు.

అట్లని షీర్‌ఖుర్మా ఈ నేలలోనే పుట్టిందనడమూ చెల్లదు. పేరులోనే దాని కథ ఉంది. ‘షీర్’ అంటే పాలు, ‘ఖుర్మా’ అంటే ఖర్జూరం. రెండూ పారశీక పదాలే. పేరులో సేమియా ఊసే లేదన్నది గమనార్హం. దీనికి ప్రాణం ఖర్జూరం. అనస్ (ర) ఉల్లేఖనంలోని ఆ పండును ఏదో ఒక రూపంలో పండుగ పూట నోటికి అందించడమే దీని తొలి ఉద్దేశమని భావించడానికి అవకాశముంది. ఖర్జూరం పండని దేశాలలో ఎండు ఖర్జూరాన్ని పాలలో నానబెట్టి, ఉడికించి మెత్తబరచుకోవడం సహజమే. బస్రా ఖర్జూరాలు బొంబాయి రేవుకు దిగుమతి అయ్యేవి. నిజాం రాజ్యంలో 1874లో సికింద్రాబాదు–వాడి రైలు మార్గం ఏర్పడి బొంబాయితో సంబంధం కలిగింది. 1886లో సికింద్రాబాదు నుండి జనగామ మీదుగా వరంగల్లుకు రైలు వచ్చింది. అంతవరకు నగరపు సంపన్నులకే సులభమైన సరుకులు జనగామ అంగడికి, అక్కడి నుండి తరిగొప్పుల వంటి ఊళ్లకు చేరడానికి ఆ రైలు దారి వేసింది. అప్పటి జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోనిది. తరువాత వరంగల్లు జిల్లాలో చేరింది. నర్మెట మండలంలో ఒక గ్రామంగా ఉన్న తరిగొప్పుల 2016లో జనగామ జిల్లా ఏర్పడినప్పుడు మండల కేంద్రమైంది.

షీర్‌ఖుర్మా గిన్నెను ఒకసారి పరిశీలించండి. ఖర్జూరం అరబ్బు దేశాలది. పేరు పారశీకులది. పాలు ఊరి బర్రెవి. సేమియా దక్కనులో వెయ్యేండ్లుగా తెలిసినది. నేతిలో వేయించి పైన చల్లే సారపప్పు ఎక్కడిది? మొర్రిచెట్టు కాయలోని గింజ అది. భూపాలపల్లి, మహబూబాబాదు వైపు అడవులలో మొర్రిచెట్లుంటాయి. అడవిబిడ్డలు వేసవిలో మొర్రిపండ్లు ఏరి, గింజలు పగులగొట్టి, పప్పు తీసి అమ్ముతారు. అడవిలో ఏరినవారి చేతి శ్రమ లేకుండా పట్నంలోని నవాబు గారి దస్తర్‌ఖాన్ మీద కూడా ఈ వంటకం పూర్తి కాలేదు. వంట గ్రంథాలు పాకశాలల పేర్లు చెబుతాయిగాని ఈ చేతులను గురించి చెప్పవు.

తరిగొప్పుల నేల మెట్టనేల. చెరువు కింద వరి, వాన మీద జొన్న పండించుకున్న ప్రాంతం ఇది. గోధుమ ఇక్కడి నిత్యాహారం కాదు. అందుకే సేమియా ఇక్కడ త్రాబియాలో వలె పరిశ్రమ కాలేదు, పండుగ పనిగా మిగిలింది. రంజానుకు ముందు ఆడవారు నలుగురు కూడి, మంచం పట్టెకు బిగించిన చేతిమరలో పిండి ముద్ద పెట్టి తిప్పడం, కింద పడే దారాలను తెల్లని గుడ్డపై పరచి ఎండబెట్టడం పాతతరం వారికి తెలిసిన దృశ్యమే. సెలయేళ్లు, మరలు, ఓడలు లేకపోయినా, ఎండకు మాత్రం త్రాబియా మనకు సాటిరాదు.

ధాన్యం మాట వచ్చింది కనుక సదఖయె ఫిత్ర్‌ను గురించి కూడా చెప్పుకోవాలి. దైవప్రవక్త (స) కాలంలో ఖర్జూరం, బార్లీ, ఎండుద్రాక్ష, ఎండబెట్టిన పెరుగు వంటి వాటిని ఒక ‘సా’ కొలత చొప్పున ఇచ్చేవారని హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (ర) ఉల్లేఖించారు. సిరియా గోధుమ మదీనాకు వచ్చినప్పుడు, దాని రెండు ‘ముద్దు’లు ఒక సా ఖర్జూరానికి సమానమని హజ్రత్ ముఆవియా (ర) అభిప్రాయపడ్డారు. అబూ సయీద్ (ర) మాత్రం తాను పాత కొలతనే పాటిస్తానన్నారు. హనఫీలు గోధుమకు అర్ధ సా అంటారు. షాఫయీలు ఆ ప్రాంతపు ముఖ్యాహార ధాన్యం నుండి ఒక సా ఇవ్వాలంటారు. జొన్న, వరి తినే దేశంలో గోధుమ ధరను బట్టి ఫిత్రా ప్రకటించడం చూస్తుంటే, ఈ చర్చ పదమూడు శతాబ్దాల నాడు ముగిసిపోలేదని తెలుస్తుంది. పండుగ నాడు ఏమి తినాలన్న విషయంలో స్థానిక అలవాటుకు ఇంత చోటు ఉండగా, పేదవానికి ఏమి పెట్టాలన్న విషయంలో మాత్రం పండితులు అణువణువూ తూచారు. ఆ ప్రాధాన్యం సబబైనదే.

వంటకం ఒక సమాజం నుండి మరొక సమాజానికి వెళ్లి తన పేరుతోనే స్థిరపడడానికి తెలంగాణాలో షీర్‌ఖుర్మా కంటె గొప్ప ఉదాహరణ మలీద. పారశీకంలో ‘మాలీదన్’ అంటే నలపడం. రొట్టెను నలిపి బెల్లం కలిపి ముద్దలు చేసేదే మలీద. పీర్ల పండుగకు పల్లెల్లో మలీద పంచుతారు. ఆ పండుగలో పీర్లను ఎత్తేవారిలో, మొక్కులు చెల్లించేవారిలో హిందువులు అనేకులు. దాని ధార్మిక ఔచిత్యాన్ని గురించి ఉలమాకు ఉన్న అభ్యంతరాలు వేరే విషయం. ఇక్కడ చూడవలసింది మాటను. అదే మలీద, అదే పేరుతో, తెలంగాణా హిందూ స్త్రీల సద్దుల బతుకమ్మకు కూడా నైవేద్యమైంది. బతుకమ్మ ఆడి వచ్చి చెరువుగట్టున మలీద పంచే ఆడపడుచును ఇది ఏ భాష పదమని అడిగితే, తెలుగు కాక మరేమిటని ఆమె ఎదురు ప్రశ్నిస్తుంది. ఆమె మాట తప్పు అనడానికి వీలులేదు. సలెంతో గృహిణికి త్రియా ఎంత ఇటాలియనో, ఈమెకు మలీద అంత తెలుగు. జనగామ పక్కనే ఉన్న పెంబర్తి ఇత్తడి పనివారు గుళ్లకు రథాల తొడుగులు చేసిన చేతులతోనే నిజాం కాలంలో పాన్‌దాన్లు, అత్తరుదాన్లు చేసినట్లు వంటింటిలోనూ జరిగింది.

హలీం సంగతి లోకమంతా ఎరిగినదే కనుక ఎక్కువ చెప్పనక్కరలేదు. పదవ శతాబ్దపు బాగ్దాదు వంట గ్రంథాలలోనే హరీసా ఉంది. అబుల్ ఫజల్ ‘ఆయినె అక్బరీ’లో హరీసాను, హలీమును రెండు వేర్వేరు వంటకాలుగా పేర్కొన్నాడు. హరీసాకు 10 సేర్ల మాంసం, 5 సేర్ల నలగగొట్టిన గోధుమ, 2 సేర్ల నెయ్యి లెక్క చెప్పాడు. హలీములో శనగలు, కూరగాయలు కూడా చేరాయి. హైదరాబాదులో యెమెన్‌లోని హజ్రమౌత్ ప్రాంతపు అరబ్బులు నిజాం సైన్యంలో చేరి బార్కస్‌లో నివాసమేర్పరచుకున్నారు. వారి హరీసు నేటికీ తెల్లగా, మసాలా లేకుండా ఉంటుంది. నగరపు హలీం మసాలాతో దక్కనీ అయిపోయింది. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది. 2019లో యునెస్కో హైదరాబాదును పాకకళా నగరాల జాబితాలో చేర్చింది. అప్పటి నుండి రంజాను రాత్రులలో నగరానికి వచ్చే భోజన యాత్రికుల చూపు హలీం బట్టీల మీదనే. అది సహజమే. షీర్‌ఖుర్మా అంగట్లో దొరికే వస్తువు కాదు, ఎవరైనా ఇంటికి పిలిస్తేగాని దక్కదు. తరిగొప్పులకు ఆ యాత్రికులెవరూ వెళ్లరు. అక్కడ పండుగ సేమియా రుచి తెలిసింది ఆహ్వానం అందుకున్న పొరుగువారికే.

సిసిలీకీ తెలంగాణాకూ ఉన్న తేడా ఇక్కడే ఉంది. సిసిలీలో వండినవారు లేరు, మాట మాత్రమే ఉంది. త్రియా తినే సలెంతో వాసికి దానిని అరబ్బీలో పిలిచినవారి ఈదు తెలియదు, వారి గుమ్మం తెలియదు. తెలంగాణాలో మాటా ఉంది, వండేవారూ ఉన్నారు. ఇచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి రాకూడదనే మర్యాద కూడా ఉంది. దసరాకో సంక్రాంతికో ఆ గిన్నె నిండి తిరిగి వస్తుంది.

చేతిమర అటుకెక్కి చాలా కాలమైంది. ఇప్పుడు పల్లెల్లో కూడా సేమియా పొట్లాలలోనే దొరుకుతున్నది. 1980 దశకంలో హైదరాబాదు నగరం కేంద్రంగా సేమియా తయారీ చేపట్టి ఇంటింటి పేరైన సంస్థ ‘బాంబినో’. రంజాను సామాను కొనుక్కునే తెలంగాణా గృహిణి కిరాణా దుకాణంలో ఆ పేరు చెప్పే పొట్లం అడుగుతుంది. బాంబినో అనేది ఇటాలియన్ మాట. పసివాడని అర్థం.